ఎండకు తెలుగు రాదా?

మొన్న ఏప్రిల్ నెలలో ఒకే వారం మా ఇంటికి రెండు కరపత్రాలు వచ్చాయి. రెండూ వేసవి తరగతుల గురించే.

మొదటిది నున్నని కాగితం. అంతా ఇంగ్లీషు. నోట్లో థర్మామీటరు పెట్టుకుని చెమటలు కారుస్తున్న భూగోళం బొమ్మ. వాతావరణ మార్పు మీదా, సుస్థిర జీవనం మీదా హైస్కూలు పిల్లలకు పది రోజుల శిక్షణ. నిర్వహించేది మా ఊళ్లోని ఒక ప్రైవేటు బడి. రుసుము చూస్తే చేపల బుట్ట మోసే తల్లికి నెల సంపాదన.

రెండోది మా తెలుగు సంఘం వారిది. పలచని కాగితం, నాలుగు అచ్చుతప్పులు. అక్షరమాల, గుణింతాలు, శతక పద్యాలు, కోలాటం. రుసుము లేదు. ఆ తరగతి చెప్పేవాణ్ణి నేనే కాబట్టి ఆ అచ్చుతప్పుల్లో నా పాలూ ఉంది.

రెంటికీ అవే పది రోజులు, అవే వేళలు. అంటే పిల్లవాడు ఏదో ఒకటే ఎంచుకోవాలి. భూమి గురించి తెలుసుకోవాలంటే తెలుగు మానాలి. తెలుగు నేర్చుకోవాలంటే భూమి సంగతి మానాలి. ఇది కావాలని చేసింది కాదు, కాకతాళీయమే. కాని ఆ రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు, గత పాతికేళ్లుగా మనం చేస్తున్న తప్పు అంతా అక్కడే అచ్చై ఉందనిపించింది. ఆ తప్పు గురించే ఈ వ్యాసం. ఇందులో పరుషంగా ఉన్న మాటల్లో సగం నాకు నేను చెప్పుకున్నవే.

నా తరగతికి పదకొండు మంది వచ్చారు. అవతలి శిబిరానికి హాలు నిండింది. ఆఖరు రోజున 'స్థానిక పెద్ద' కావాలని నన్ను కూడా పిలిచారు. వెళ్లాను. గోడల నిండా పిల్లలు వేసిన బొమ్మలు. తెల్ల ఎలుగుబంట్లు, కరిగే మంచుకొండలు, పొగ కక్కే గొట్టాలు. బాగా వేశారు. ఒక్క బొమ్మలోనైనా మా సముద్రం ఉందేమోనని వెతికాను. గోపాలపురం తీరం అక్కడికి పదిహేను కిలోమీటర్లు కూడా లేదు. ఒక్కదానిలోనూ లేదు.

శిక్షకుడు ఉత్సాహవంతుడైన కుర్రవాడు. మీ ప్రాంతంలో మీరు గమనించిన మార్పు ఏదైనా చెప్పండి అని అడిగాడు. మంచి ప్రశ్న. పిల్లలు తాము విన్న పాఠమే తిరిగి అప్పజెప్పారు. వెనక వరసలో ఒక అమ్మాయి. ఎవరో దాత రుసుము కట్టగా వచ్చిన చేపలవాడ పిల్ల. లేవబోయి మళ్లీ కూర్చుంది. సభ అయ్యాక మెట్ల దగ్గర నన్ను పట్టుకుంది.

"మాస్టారూ, నాకొకటి తెలుసండి. దానికి ఇంగ్లీషు తెలీదు."

"తెలుగులో చెప్పమ్మా."

"తెల్లారగట్ల కొండగాలి ఇదివరకటంత రావట్లేదని మా తాత అంటాడండి. ఆ గాలి లేకపోతే తెరచాపతో లోపలికి పోడం కష్టం అంటాడు. ఇది చెప్పొచ్చాండి అక్కడ?"

చెప్పొచ్చా అని అడుగుతోంది! ఆ హాల్లో పది రోజులుగా మాట్లాడిన మాటలన్నిటిలోకీ నిజమైన పరిశీలన అదొక్కటే. అది మెట్ల మీద ఆగిపోయింది, దానికి ఇంగ్లీషు లేదు కాబట్టి.

కొండగాలి అంటే మిగతా ప్రాంతాల వారికి చెప్పాలి. పగలు నేల సముద్రం కన్న త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి వస్తుంది. రాత్రి నేలే త్వరగా చల్లబడుతుంది. అప్పుడు గాలి తిరుగుముఖం పట్టి కొండల వైపు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. తెరచాప కాలంలో పడవవాళ్లు వేకువ గాలితో లోపలికి పోయి మధ్యాహ్నపు గాలితో ఒడ్డుకు వచ్చేవారు. రాత్రిళ్లు నేల సరిగా చల్లబడకపోతే ఈ వేకువ గాలికి బలం తగ్గుతుంది. రాత్రి ఉష్ణోగ్రతలు పెరుగుతున్నాయన్నది శాస్త్రజ్ఞులు కూడా చెబుతున్న మాటే. మరి తాత గమనించింది అదేనా? లేక తాతకు వయసు మీదపడి గాలి పలచనైనట్టు అనిపిస్తోందా? నాకు తెలియదు. తెలుసుకోవడమే కదా చదువు! ఒక రంగు గుడ్డ పేలిక, ఒక కర్ర, ఒక గడియారం, ఒక నోటు పుస్తకం ఉంటే ఆ పిల్ల వేసవి సెలవులంతా రోజూ తెల్లవారుజామున గాలి ఎటు వీస్తోందో రాసిపెట్టుకోగలదు. గోపాలపురంలో వాతావరణ శాఖ కేంద్రం ఉంది. అక్కడి పాత లెక్కలతో పోల్చి చూడవచ్చు. అదీ శిబిరం అంటే.

నేను పర్యావరణ విద్యకు వ్యతిరేకిని కాను. చదువుకున్న ప్రతివాడికీ అది కావాలనే నా వాదన. 1991లోనే సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో పర్యావరణాన్ని పాఠ్యాంశం చెయ్యమంది. 2003లో మరోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పుస్తకాలు వచ్చాయి, మార్కులు వచ్చాయి. 2024 జూన్‌లో కేంద్ర విద్యాశాఖ బడులలో వారం రోజుల వేసవి శిబిరాలు పెట్టమంది. రోజుకొక అంశం చొప్పున ఏడు: విద్యుత్తు పొదుపు, నీటి పొదుపు, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మానడం, తిండి, చెత్త తగ్గించడం, ఆరోగ్యకరమైన జీవనం, ఎలక్ట్రానిక్ చెత్త. ఆ మరుసటి ఏడు, 2025లో, అదే శాఖ భారతీయ భాషల వేసవి శిబిరం పెట్టమంది. అదీ వారం రోజులే. రోజుకు నాలుగు గంటల చొప్పున 28 గంటల్లో మరొక భారతీయ భాష పరిచయం.

చూడండి విచిత్రం. ఢిల్లీలోనూ రెండు కరపత్రాలే! ఒకదాంట్లో భూమి, ఒకదాంట్లో భాష. ఈ రెండూ ఒకే పిల్లవాడి తలలో ఉంటాయన్న సంగతి మా సంఘానికీ తట్టలేదు, వాళ్లకీ తట్టలేదు.

ఇక ఆ ఏడు అంశాల సంగతి. మంచివే. కాని ఎవరికి చెబుతున్నాం? కుళాయి కట్టేయమని మనం చెప్పబోయే పిల్ల తెల్లవారుజామున బిందె పట్టుకుని వరసలో నిలబడి వచ్చింది. దీపం ఆర్పమని చెప్పే ఇంట్లో దీపం దానంతట అదే ఆరిపోతుంది. అమెరికాలో ఒక మనిషి లెక్కకు వచ్చే బొగ్గుపులుసు వాయువు ఏడాదికి సుమారు 14 టన్నులు. ప్రపంచ సగటు ఐదుకు కాస్త తక్కువ. మన దేశపు సగటు సుమారు 2. ఆ రెండులోనైనా చేపలవాడ వాటా ఎంత, శీతల యంత్రం ఉన్న హాలు వాటా ఎంత అని విడదీసి చూస్తే శిబిరం పెట్టినవాళ్లే తల దించుకోవాలి. నిందితుల బోనులో నిలబెట్టాల్సినవాళ్లను వదిలేసి, దెబ్బ తగలబోయే పిల్లచేత 'నేను భూమిని కాపాడతాను' అని ప్రమాణం చేయించడం చదువు కాదు. నేరం మారుపేరుతో అప్పగించడం.

ఆ పిల్లకు నిజంగా కావలసినదేమిటి? తన మీద పడబోయేది ఏమిటో, ఎందుకో, ఎవరివల్లనో, తప్పించుకునే దారేమిటో తెలియడం. ఇది మా తీరాన మాటవరసకు చెప్పే సంగతి కాదు. 1998 వేసవిలో ఎండదెబ్బకు ఒడిశాలో రెండువేల మందికి పైగా పోయారు. 1999 అక్టోబరు 29న వచ్చిన పెను తుఫానుకు దాదాపు పదివేల మంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ సరిగ్గా మా గోపాలపురం దగ్గరే ఒడ్డెక్కింది. అదీ మామూలు తుఫాను కాదు. కాని పోయిన ప్రాణాలు పదుల్లోనే ఆగాయి. ఎందుకంటే ముందుగా దాదాపు పది లక్షల మందిని లోపలికి తరలించారు. 2019 మే 3న ఫణి వేసవి సెలవుల్లోనే పూరీ దగ్గర తాకింది. మనవాళ్లుండే పెంటకోట వాడ అతలాకుతలమైంది. అప్పుడూ ముందే 12 లక్షల మందిని తరలించారు. 1999కీ 2013కీ మధ్య సముద్రం మెత్తబడలేదు. మనుషులకు తెలియడం పెరిగింది, అంతే. హెచ్చరిక అర్థమైన చోట ప్రాణం నిలిచింది. అర్థం కావడానికి భాష కావాలని వేరే చెప్పాలా?

ఇప్పుడు ఎండ సంగతికి వస్తాను. ఎండకు తెలుగు రాదా?

మన భాషలో ఎండకున్నన్ని మాటలు నాకు తెలిసిన మరే పుస్తకంలోనూ లేవు. నీరెండ, పొద్దెక్కిన ఎండ, మిట్టమధ్యాహ్నపు ఎండ, మండుటెండ. ఇక వేడికి: వడగాలి, వేడిమి, సెగ, ఉక్క, ఉబ్బరం. ఇవన్నీ ఒకే అర్థానికి అలంకారాలు కావు. వడగాలి వేరు, ఉక్కపోత వేరు. వడగాలి పొడిది. ఒళ్లు ఎండగడుతుంది. ఉక్కపోత తడిది. చెమట పడుతుంది, ఆరదు. చెమట ఆరితేనే ఒంటి వేడి పోతుంది. ఆరకపోతే లోపలే ఉండిపోతుంది. కాబట్టి 44 డిగ్రీల పొడి ఎండను తట్టుకున్న మనిషి 38 డిగ్రీల ఉక్కలో కూలిపోవచ్చు. వాతావరణ శాఖవారు మైదానాల్లో 40 డిగ్రీలు దాటితే గాని వడగాడ్పుల లెక్కలోకి తీసుకోరు. తీరంలో మాత్రం, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే, 37 నుంచే లెక్కిస్తారు. ఆ తేడా వెనక ఉన్నది ఈ ఉక్కే.

ఈ పాఠం మా అమ్మకు తెలుసు. "ఇవాళ కుండలో నీళ్లు చల్లబడలేదురా, బయటికి పోకు" అనేది. నేను నవ్వేవాణ్ణి. కుండ చెమర్చి ఆ తడి ఆరితే నీళ్లు చల్లబడతాయి. ఒంటికీ అదే సూత్రం. గాలిలో తేమ నిండిన రోజు కుండా చల్లబడదు, ఒళ్లూ చల్లబడదు. శాస్త్రజ్ఞులు థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి కొలిచేది ఇదే. ఆ తడిగుడ్డ లెక్క 35 డిగ్రీలకు చేరితే ఆరోగ్యవంతుడు నీడలో ఊరికే కూర్చున్నా కొన్ని గంటలకు మించి నిలవలేడని వారి అంచనా. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అంటే భూమి వేడెక్కే కొద్దీ మా తీరాన పెరిగేది ఎండ ఒక్కటే కాదు, ఉక్క కూడా. కుండ దగ్గర మొదలుపెట్టి భూతాపం దాకా ఒక్క పూటలో చెప్పవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఇంతకన్న తేలికగా చెప్పిన శిక్షకుణ్ణి నేను చూడలేదు. ఆ కుండ అమ్మ భాషలో ఉంది.

'సుస్థిరత' మాట కూడా అంతే. దీన్ని ఇంగ్లీషులో చెప్పినా, పత్రికల తెలుగులో చెప్పినా పిల్లలకు ఒకటే. రెండూ పరాయి మాటలే. విత్తనాల గింజలు తినకూడదు అని చెప్పండి, చాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరాన ఇంజను పడవలు వేటకు పోకూడదన్న నిషేధం ఉంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని. అదీ విత్తనాల గింజ లెక్కే. ఇంకో విశేషం చూడండి. ఆ 61 రోజులూ సుమారుగా మన పిల్లల వేసవి సెలవులే! అంటే సముద్రం తెలిసిన మనుషుల్లో చాలామంది సరిగ్గా ఆ రోజుల్లోనే ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. ఇంతమంది ఉపాధ్యాయులు ఖాళీగా ఉండగా మనం ఎక్కడినుంచో శిక్షకుణ్ణి రప్పించి, తెల్ల ఎలుగుబంటి బొమ్మ గీయిస్తున్నాం.

ఇక్కడ నా తెలుగు తరగతిని విడిచిపెడితే అన్యాయం. మనం చేస్తున్నదేమిటి? పిల్లవాడికి భాష పేరుతో అక్షరాలూ పద్యాలూ అప్పగించి, ఆ భాషతో లోకంలో చెయ్యవలసిన పని ఒక్కటీ చూపడం లేదు. పద్యం తప్పని నేననను. కాని వాడు ఇంగ్లీషులో నక్షత్రాల గురించి చదువుతాడు, ఒడియాలో చట్టాల గురించి చదువుతాడు, తెలుగులో మాత్రం 'అ అమ్మ, ఆ ఆవు' దగ్గర పదిహేనో ఏటి దాకా ఉంటాడు. వాడికి తెలుగు చంటిపిల్లల భాషలా, ముసలివాళ్ల భాషలా కనిపించడంలో ఆశ్చర్యమేముంది? మధ్య వయసు లేని భాష ఎన్నాళ్లు బతుకుతుంది?

రాజ్యాంగంలో 350-ఏ అధికరణం 1956లో చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చెయ్యమంటుంది, ప్రాథమిక దశ వరకే. హైస్కూలు దాని పరిధిలో లేదు. తమిళనాట 2006 చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమయ్యాక హోసూరు వైపు మనవాళ్లు పడ్డ అవస్థ ఈ పాఠకులకు తెలిసిందే. కాబట్టి హైస్కూలు పిల్లవాడికి తెలుగులో లోకజ్ఞానం దొరికే చోటు బడిలో లేదు. ఇక మిగిలింది వేసవి ఒక్కటే. మన చేతిలో ఉన్న ఆ ఒక్క తలుపునూ మనం గుణింతాలతో మూసి కూర్చున్నాం.

నేను ఈ మాటలు సంఘం సమావేశంలో అన్నాను. మూడు అభ్యంతరాలు వచ్చాయి.

మొదటిది: "ఇంగ్లీషు లేకపోతే ఉద్యోగాలెక్కడివి మాస్టారూ?" ఇంగ్లీషు వద్దని ఎవరన్నారు? కొండగాలి గురించి తెలుగులో అర్థమైన పిల్లకు దాని ఇంగ్లీషు పేరు నేర్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇంగ్లీషు పేరు మాత్రమే వచ్చిన పిల్లకు గాలి అర్థం కావడానికి జీవితకాలం చాలకపోవచ్చు.

రెండోది: "తాతల మాటలు శాస్త్రమా? మూఢనమ్మకాలు నేర్పుతారా?" ఇది గట్టి అభ్యంతరమే. నేను పంచాంగాన్ని పాఠ్యపుస్తకం చెయ్యమనడం లేదు. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. మే 25 ప్రాంతంలో వచ్చి మృగశిర దాకా ఉండే ఆ రెండు వారాలూ నిజంగానే ఏడాదిలో అతి వేడివా? మా తీరాన అవునా, లోపలి జిల్లాల్లో అవునా? గత ముప్ఫై ఏళ్ల లెక్కలు తీసి పిల్లలచేత గీతలు గీయించండి. సామెత నెగ్గితే సంతోషం, ఓడినా సంతోషమే. ఎప్పటి నుంచి ఓడుతోందో తెలిస్తే అదే వాతావరణ మార్పు పాఠం. పెద్దల మాటను పూజించడమూ తప్పే, అడక్కుండా పారెయ్యడమూ తప్పే. కొలిచి చూడాలి.

మూడోది ఎవరూ పైకి అనలేదు. సమావేశం అయ్యాక టీ తాగుతూ ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యివేసి మెల్లగా అన్నాడు: "మనం ఇక్కడ కొద్దిమందిమి. పిల్లలచేత సముద్రపు కోత గురించీ, రేవుల గురించీ ప్రశ్నలు అడిగిస్తే గొడవలొస్తాయి. పద్యాలైతే ఏ గొడవా లేదు."

ఈ వ్యాసం రాయించింది ఆ మాటే.

ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట పొడంపేట అనే జాలరుల ఊరు ఉండేది. సముద్రం కోసుకుంటూ వచ్చింది. జనం ఇళ్లు వదిలి లోపలికి పోయారు. ఆ పక్కనే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం. 2025 ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షల తాబేళ్లు వచ్చాయి. ఇసుక వేడిని బట్టి గుడ్డులోంచి మగపిల్ల వస్తుందా ఆడపిల్ల వస్తుందా అన్నది తేలుతుంది. ఇసుక మరీ వేడెక్కితే అన్నీ ఆడవే. పిల్లలు నోరు తెరుచుకుని వినే పాఠం ఇది. శిబిరాలవాళ్లకు తాబేలు ఇష్టం, తాబేలుకు గొడవ లేదు. పొడంపేట మాటెత్తితేనే గొడవ.

తూర్పు తీరం వెంట ఇసుక ఏడాదిలో ఎక్కువ నెలలు దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దానికి అడ్డంగా సముద్రంలోకి రాతిగోడ కడితే గోడకు దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. పాండిచ్చేరిలో 1980ల చివర రేవు గోడలు కట్టాక ఏం జరిగిందో అందరూ చూశారు. నదుల మీద ఆనకట్టలు కడితే ఒండ్రు ఆగిపోయి తీరానికి పోషణ తగ్గుతుంది. సముద్రమట్టం పెరగడం వీటన్నిటికీ తోడు. ఒక్కొక్క ఊరికి ఇందులో ఏది ఎంత కారణమన్నది వెతికి చూడాల్సిన ప్రశ్న. ఆ ప్రశ్న పద్నాలుగేళ్ల పిల్ల అడిగితే గొడవా? ఆమె ఇల్లు పోవడం గొడవ కాదు, ఎందుకు పోయిందని అడగడం గొడవా?

మనం కొద్దిమందిమి కాబట్టి మెల్లగా మాట్లాడాలన్న జాగ్రత్త మా తాతల నుంచి వస్తోంది. నాకు అర్థమవుతుంది. బరంపురం 1936 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మేం ఎక్కడికీ వలస రాలేదు. గీత జరిగింది, మేం జరగలేదు. అయినా అతిథుల్లా ఒదిగి ఉండడం అలవాటైంది. కాని సముద్రం అలా ఒదిగి రాదు. పైగా ఇది తెలుగువాళ్ల గొడవ మాత్రమే కాదు. పక్కింటి ఒడియా పిల్లలకూ అదే సముద్రం, అదే ఉక్క. జూన్ నడుమ వాళ్లు రజ పండుగ చేసుకుని మూడు రోజులు నేలకు విశ్రాంతినిస్తారు. మనకు ఆ నెలలోనే ఏరువాక పున్నమి. రెండూ తొలకరి కోసం ఎదురుచూసిన నేల పండుగలే. మన పిల్లలు కొండగాలి మాట వాళ్లకు చెప్పి, వాళ్ల మాట తాము నేర్చుకుంటే భాష చిన్నబోదు, పెద్దదవుతుంది.

ఇది మా గంజాం కథే అనుకోకండి. కోలారు జిల్లాలో నిత్యం పారే నది లేదు, చెరువులే దిక్కు. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి ఆ చెరువులకు పంపుతున్నారు. కట్ట, తూము, అలుగు, నీరుగంటి అన్న మాటలు తెలిసిన తాతను ఆ చెరువు గట్టు మీద కూర్చోబెట్టి, ఈ నీళ్లు పాత నీళ్లేనా అని పిల్లలచేత అడిగించండి. చంద్రపూర్ వైపు మన గని కార్మికుల పిల్లలు 46, 47 డిగ్రీల ఎండలో పెరుగుతున్నారు. పక్కనే 2,920 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం. ఆ కరెంటు ఎక్కడికి పోతోంది, బూడిద ఎక్కడ పడుతోంది? షోలాపూర్‌లో రేకుల కప్పు కింద మరమగ్గం పక్కన నిలబడ్డ తండ్రికి మధ్యాహ్నం రెండు గంటలకు ఎంత వేడి తగులుతోంది? యానాంలో 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్లు ఉన్నారు, 2022 జూలై గోదావరి వరద చూసినవాళ్లూ ఉన్నారు. నీళ్లు ఏ గోడ మీద ఎంతదాకా వచ్చాయో ఒక్క పిల్లవాడైనా గీత గీసి పెట్టాడా?

ఇక నేను అడుగుతున్నది ఏమిటో స్పష్టంగా చెబుతాను. ప్రతి తెలుగు సంఘమూ వచ్చే వేసవిలో పది రోజులు, ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి పిల్లలకు, రుసుము లేకుండా, తెలుగులో ఈ శిబిరం పెట్టాలి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా. 2024లో ఎండలకు భయపడి మా రాష్ట్రంలో ఏప్రిల్ 25 నుంచే బడులకు సెలవులిచ్చారు. మిట్టమధ్యాహ్నం పిల్లల్ని రప్పించి ఎండ గురించి ఉపన్యాసం ఇవ్వడం వెక్కిరింత. రోజూ మొదటి అరగంట కొలత: వేడి, తడిగుడ్డ వేడి, గాలి దిక్కు. తరువాత ఒక పెద్దమనిషి దగ్గర కూర్చుని వినడం, విన్నది తెలుగులో రాయడం. అక్షరాలు సరిగా రానివాళ్లకు అక్షరాలు అక్కడే వస్తాయి, రాయాల్సింది ఉంటుంది కనక. ఆ తరువాత ఆ మాటల్ని శాస్త్రంతో సరిచూడటం. దీనికి బడిలో సైన్సు చెప్పే మాస్టారు ఒక్కరు చాలు. ఎండదెబ్బ తగిలినవాణ్ణి నీడకు చేర్చి ఏం చెయ్యాలి, తుఫాను హెచ్చరిక జెండాల అర్థమేమిటి అన్నవి ప్రతి పిల్లకూ నోటికి రావాలి. ఆఖరు రోజున ప్రమాణాలు వద్దు, ప్రశంసాపత్రాలు వద్దు. పిల్లలు తమ వాడకు సంబంధించి ఒక్క ప్రశ్న తయారుచేసి, తెలుగులోనూ రాష్ట్రభాషలోనూ రాసి, పంచాయతీకో మునిసిపాలిటీకో ఇచ్చి రావాలి. జవాబు వస్తే మంచిదే. రాకపోతే ఎందుకు రాలేదన్నది మరుసటి ఏటి పాఠం.

దీనికి ఖర్చు ఎంతంటారా? మా సంఘం ఉగాది సన్మానాలకు కొనే శాలువాల్లో నాలుగు తగ్గిస్తే థర్మామీటర్లు వస్తాయి.

ఆ అమ్మాయి తాతగారిని వెతుక్కుంటూ పోయిన నెల వాడకు వెళ్లాను. వల అల్లుతున్నాడు. సంగతి చెప్పాను. "నాకు సదువు రాదు బాబూ, పిల్లకాయలకి నేనేటి సెప్తాను?" అన్నాడు. నాకూ గాలి రాదు, ఇద్దరం కలిసి చెబుదామన్నాను. వల పక్కన పెట్టి కాసేపు నా మొహం కేసి చూసి, "ఎన్ని గంటలకి రమ్మంటావ్?" అని అడిగాడు.

ఆరింటికి అన్నాను.

"ఆరింటికేటి? అప్పటికి గాలి ఎల్లిపోద్ది. నాలుగింటికి తీసుకురా" అన్నాడు.

కాబట్టి పైన నేను రాసిన వేళను సంఘాలవారు దయచేసి దిద్దుకోవాలి. కొండగాలి పాఠం నాలుగింటికి.